పేరు అడిగే ముందు వేరు చూడండి

(తొలకరి వానలు పడిన తర్వాత, హైదరాబాదులోని ఒక కాలనీ నివాసుల సమావేశంలో, ఉద్యాన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకుడు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

సంఘం పెద్దలు నన్ను పిలిచినప్పుడు ఒక షరతు పెట్టాను. వచ్చేవారు తమ ఇంటి లాన్‌లో మొలిచిన గుర్తు తెలియని మొలకలను వేళ్లతో సహా తీసి, తడిగుడ్డలో చుట్టి తీసుకురావాలని కోరాను. పదకొండు మంది తెచ్చారు, సంతోషం. ఈ బల్ల మీద స్టీలు పళ్లేలలో పెట్టినవి అవే. అయితే వీటిలో తొమ్మిదింటికి వేళ్లు లేవు. పైకొన పట్టుకుని లాగితే చేతికి ఎంత వచ్చిందో అంతే వచ్చింది, మిగిలింది నేలలోనే ఉండిపోయింది. ఈ పూట నేను చెప్పబోయేది ముఖ్యంగా ఆ నేలలో ఉండిపోయిన భాగం గురించే.

లాన్‌లో కొత్త మొలక కనిపించగానే మనందరికీ పుట్టే మొదటి ప్రశ్న దీని పేరేమిటి అన్నది. పేరు తెలిస్తే మంచిదే, కాదనను. కానీ రెండాకుల దశలో ఉన్న మొలకను చూసి పేరు చెప్పడం ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడికి కూడా ఒక్కోసారి కుదరదు. ఫోనుతో ఫొటో తీసి పేరు చెప్పించుకునే సదుపాయాలు వచ్చాయి గానీ, అవి పువ్వును, కాయను, ముదిరిన ఆకును చూసి చెప్పినంత నమ్మకంగా పసి మొలకను చూసి చెప్పలేవు. మొదటి రోజునే, ఏ పరికరం లేకుండా, మీరే తేల్చుకోగలిగిన సంగతి మరొకటి ఉంది. ఈ మొలక గింజ నుంచి వచ్చిందా, నేలలోని దుంప నుంచి వచ్చిందా, లేక పక్కన ఎక్కడో ఉన్న తీగ కణుపు నుంచి వచ్చిందా అన్నదే ఆ సంగతి. దాన్ని ఎలా వదిలించుకోవాలన్నది పేరును బట్టి కన్నా ఈ పుట్టుకను బట్టే ఎక్కువగా నిర్ణయం అవుతుంది.

ముందు ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దాం. మన ఊళ్లో జూన్ రెండో వారం ప్రాంతంలో వానలు మొదలవుతాయి. మృగశిర కార్తె దాటి పది రోజులు తిరిగేసరికి, వేసవి అంతా నున్నగా ఉన్న లాన్‌లో ఎవరో చల్లినట్టుగా మొలకలు లేస్తాయి. ఎవరూ చల్లలేదు, అవి ఎప్పటినుంచో మట్టిలోనే ఉన్నాయి. కలుపు గింజలు చాలావరకు ఆవగింజ కన్నా చిన్నవి. వాటిలో పెక్కింటికి మొలకెత్తడానికి తడితో పాటు వెలుతురు కూడా కావాలి. మట్టి లోపల ఉన్నంత కాలం నిద్రపోతాయి, మనం గునపంతోనో పారతోనో తవ్వి పైకి తెచ్చిన రోజున లేస్తాయి. అందుకే కలుపు ఎక్కువైందని లాన్‌ను లోతుగా తవ్వించినవారికి మరుసటి నెలలో అంతకు రెట్టింపు కలుపు కనిపిస్తుంది. పాపం, ఆ తప్పును మాలి మీద వేస్తారు.

ఇల్లు కట్టుకున్నాక లారీల్లో తోలించే ఎర్రమట్టి, పూర్తిగా మాగని పశువుల ఎరువు, కడియం వైపు నర్సరీల నుంచి చదరపు పలకలుగానో చుట్టలుగానో వచ్చే గడ్డి, పక్కింట్లో కోసి కడగకుండా మన ఇంటికి తెచ్చిన గడ్డికోత యంత్రం, ఇవన్నీ గింజలను, దుంపలను మోసుకొస్తాయి. ఎరువు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పశువు మేసిన గింజల్లో చాలా వాటికి గట్టి పైపొర ఉండటం వల్ల అవి కడుపులో అరగకుండా పేడలో బయటికి వస్తాయి. ఎరువు కుప్ప బాగా వేడెక్కి, 55 నుంచి 60 డిగ్రీల వేడిలో కొన్ని రోజుల పాటు ఉండి, తిరగేసిన తర్వాత మళ్లీ వేడెక్కితేనే అవి చస్తాయి. ముట్టుకుంటే పేడ వాసన వేస్తూ, లోపల గడ్డిపరకలు ఇంకా గడ్డిపరకల్లాగే కనిపిస్తున్న ఎరువు మాగినట్టు కాదు.

నా సొంత అనుభవమే చెబుతాను. ఇల్లు కట్టుకున్న కొత్తలో ఒక లారీ ఎర్రమట్టి తోలించాను. తెచ్చినాయన బజారులో బెల్లం మచ్చు చూపినట్టు గుప్పెడు మట్టి నా చేతిలో పోసి చూపించాడు. రంగు బాగుంది, పొడిగా ఉంది, రాళ్లు లేవు. విద్యార్థులకు ఏటా కలుపు పాఠం చెప్పే నేను ఆ మట్టిని జల్లెడ పట్టించి చూడలేదు. పట్టించి ఉంటే శనగగింజంత నల్లటి గడ్డలు కనిపించేవి. అవి తుంగ దుంపలు. ఆ తర్వాత నాలుగేళ్లు నా లాన్‌లో తుంగే పెరిగింది, దాని సందుల్లో అక్కడక్కడ గరిక కనిపించేది.

ఇక గుర్తుపట్టే పద్ధతికి వద్దాం. మొలకను ముట్టుకునే ముందు నిలబడి ఒక నిమిషం చూడండి. అవి ఎక్కడెక్కడ మొలిచాయో ఆ తీరే సగం కథ చెబుతుంది. లాన్ అంతటా సమంగా చల్లినట్టు ఉంటే అది ఎరువుతోనో మట్టితోనో వచ్చింది. ఒక చెట్టు నీడ మేరకే గుంపుగా ఉంటే ఆ చెట్టు గింజలే రాలి ఉంటాయి. కరెంటు తీగ కింద, ప్రహరీ గోడ వెంబడి వరుసగా ఉంటే అది పిట్టల పని. వేప, రావి, సింగపూర్ చెర్రీ అలాగే వస్తాయి, కాకులు, మైనాలు పండు తిని తీగ మీద కూర్చుని గింజను కిందికి వదులుతాయి. గడ్డి పలకలు అతికిన గీతల వెంట మాత్రమే కనిపిస్తే అది నర్సరీ నుంచి వచ్చిన సరుకు. లాన్ అంచున మొదలై లోపలికి వేలెడు వేలెడు జరుగుతూ ఉంటే అది పక్క మడి నుంచి పాకివస్తున్న తీగ.

చూసిన తర్వాత తీయండి. లాగవద్దు, తీయండి. వాన పడిన మరునాడు, లేకపోతే నీళ్లు పెట్టి రెండు గంటలు ఆగి, మొలక పక్కన ఒక పాత స్క్రూడ్రైవర్‌ను జానెడు లోతున దించి, మట్టిని వదులు చేసి, మొలకను మట్టిపెళ్లతో సహా పైకి తీయండి. ఒక గిన్నెడు నీళ్లలో ముంచి మట్టిని కరగనివ్వండి. అప్పుడు కింద ఏముందో కనిపిస్తుంది. తెల్లటి సన్నని వేరు ఒకటే ఉండి, దాని మొదట్లో గింజ పైపొర ఇంకా అంటుకుని ఉంటే అది గింజ మొలక. వేళ్ల మధ్య గుండ్రటి గడ్డ ఉంటే దుంప మొలక. వేరు కిందికి కాకుండా అడ్డంగా, తాడులాగా పక్కకు పోతూ ఉంటే అది కొమ్మో తీగో. దాన్ని తెంచకుండా అది పోయిన దారినే వెతుక్కుంటూ వెళ్లాలి.

గింజ మొలకే అని తేలితే పైభాగం చూడండి. మొదట ఒకే ఆకు సూదిలాగా లేచిందంటే అది ఏకదళ బీజ మొక్క, అంటే గడ్డి జాతిదో తుంగ జాతిదో. రెండు ఆకులు జంటగా, ఎదురెదురుగా లేస్తే ద్విదళ బీజ మొక్క. ఆ జంట ఆకులను బీజదళాలు అంటారు. ఇవి గింజలో పప్పుబద్దలుగా ఉన్నవే, ఇంకా అసలు ఆకులు కావు. శనగ నానబెట్టి పొట్టు తీస్తే రెండు బద్దలు విడిపోతాయి కదా, అలాంటివే ఇవి. చాలామంది ఈ బద్దల ఆకారం చూసి మొక్కను పోల్చబోయి పొరపడతారు. ఆ తర్వాత వచ్చే మూడో ఆకు, నాలుగో ఆకు వచ్చేదాకా ఆగాలి. ఆ ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్నాయా, అంచు నున్నగా ఉందా, చీలి ఉందా, తుంచితే పాలు వస్తున్నాయా, నలిపితే ఏ వాసన వస్తోంది అన్నవి వరుసగా చూస్తే, మన లాన్‌లో వచ్చేవాటిలో ఎక్కువ భాగం తేలిపోతాయి.

ఇప్పుడు ఈ పళ్లేల దగ్గరికి వద్దాం. పదకొండింటిలో నాలుగు ఒకటే. ఇదిగో, ఇది వేరుతో వచ్చింది. తెచ్చినవారు దీన్ని గడ్డి అనుకున్నారు. పైపైన చూస్తే గడ్డే. కాడను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి దొర్లించండి. గడ్డి కాడ గుండ్రంగా దొర్లుతుంది. ఇది దొర్లదు, మూడు అంచులు వేలికి తగులుతాయి. అడ్డంగా కోసి చూస్తే త్రికోణం కనిపిస్తుంది. ఆకులు కూడా మూడు వైపులకు మూడు వరుసలుగా వస్తాయి. ఇది తుంగ. కింద చూడండి, గోధుమ నలుపు రంగులో ఒక గడ్డ, దాని నుంచి దారం లాంటి వేరుకొమ్మ, ఆ దారం చివర మరో గడ్డ, అక్కడి నుంచి మళ్లీ దారం. గొలుసులో పూసల్లాగా మూడు ఉన్నాయి. నాలుగో పూస ఉండాల్సిన చోట దారం తెగి ఉంది. అది వారి లాన్‌లోనే ఉంది. గడ్డను గిల్లి వాసన చూడండి, ఆయుర్వేద దుకాణంలో తుంగముస్తలు అని అమ్మేది ఇదే.

ఈ మొక్కను ప్రపంచంలోకెల్లా మొండి కలుపుగా కలుపు శాస్త్రవేత్తలు లెక్కవేయడానికి కారణం ఈ గొలుసే. గొలుసు తెగకుండా ఉన్నంతకాలం కొసన ఉన్న దుంప మొలుస్తుంది, మిగిలినవి దాని అదుపులో నిద్రపోతాయి. మీరు పారతో తవ్వి గొలుసును ముక్కలు చేశారనుకోండి, ప్రతి ముక్కా దేనికదే స్వతంత్రమై మొలుస్తుంది. పైగా ఒక్కో దుంపకు ఒకటికి మించి మొగ్గలుంటాయి, మొదటి మొలకను పీకేస్తే రెండోది లేస్తుంది. పీకినకొద్దీ పెరుగుతోందని మా ఇంట్లోవాళ్లు అనేవారు, వారి మాటలో అతిశయోక్తి లేదు.

అయితే దుంపలో ఉన్న ఆహారం అక్షయపాత్ర కాదు. ప్రతి మొలకకూ అది కొంత ఖర్చవుతుంది. మొలక బయటికి వచ్చి ఆకులు విప్పి, ఎండ తిని, తిరిగి ఆహారాన్ని కిందికి పంపడం మొదలుపెట్టేలోగా దాన్ని తీసేస్తే దుంపకు నష్టమే తప్ప రాబడి ఉండదు. మొలక లేచిన మూడు వారాలకే కొత్త దుంపలు కట్టడం మొదలవుతుంది కాబట్టి మనకున్న గడువు అంతకంటే తక్కువ. నేను పది రోజులకొకసారి, క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, స్క్రూడ్రైవర్‌తో దుంపతో సహా తీశాను. మొదటి ఏడాది ఏమీ తేడా కనిపించలేదు. రెండో ఏడాది వానాకాలం మధ్యలో ఒక వారం తీయడానికి ఏమీ లేకపోయేసరికి నమ్మకం కుదిరింది. తీసిన దుంపలను మాత్రం మూలన కుప్ప పోయకండి, కంపోస్టు గుంతలో వేయకండి. మేడ మీద, సిమెంటు గచ్చు మీద, మంచి ఎండలో రెండు వారాలు ఎండనివ్వండి. దుంప ఎండకు ఓర్వలేదు, గలగలలాడేలా ఎండితే చచ్చినట్టే.

ఇంకో రెండు పళ్లేలలో ఉన్నది వయ్యారిభామ. దీన్ని చేత్తో పట్టుకుని తెచ్చినవారు సభ అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. మన దేశంలో దీన్ని 1955 ప్రాంతంలో పుణేలో గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. ఇప్పుడు రోడ్డు పక్కన, ఖాళీ స్థలంలో, రైలు పట్టాల వెంట ఇది లేని చోటు లేదు. పూతకు వచ్చాక చిన్న తెల్లటి పూలతో ఎవరైనా గుర్తుపడతారు. లాన్‌లో చిక్కేమిటంటే పసిదశలో అది నేలకు అతుక్కుని, గుండ్రంగా పళ్లెంలా పరుచుకుంటుంది. తొలి ఆకులు పెద్దగా చీలి ఉండవు. ఆ తర్వాత వచ్చేవి ఒకదాన్ని మించి ఒకటి చీలుతూ, సన్నని నూగుతో, కాస్త బూడిద రంగు కలిసిన పచ్చదనంతో ఉంటాయి. మెత్తగా ఉన్న ఆ ఆకును చూసి కొందరు బంతి మొక్క అనుకుంటారు, కొందరు మాచిపత్రి అనుకుంటారు. వినాయక చవితికి పత్రి కట్టలో మాచిపత్రి పేరుతో వయ్యారిభామ అమ్మడం నేను కళ్లారా చూశాను. నలిపి వాసన చూస్తే చాలు, మాచిపత్రి సువాసన దీనికి ఉండదు.

ఈ పక్క పళ్లెంలోనిది మాత్రం నిజంగానే బంతి. దాని ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, ముట్టుకోగానే బంతి వాసన చేతికి అంటింది. వయ్యారిభామలో ఆకులు ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. నిరుడు దసరాకో దీపావళికో గుమ్మానికి కట్టిన దండ ఎండి రాలిన చోట మొలిచి ఉంటుంది. తీసి కుండీలో పెట్టుకోండి, ఈ దసరాకు పనికొస్తుంది.

వయ్యారిభామ గింజ నుంచి మాత్రమే వస్తుంది, దానికి దుంప లేదు. కాబట్టి తుంగతో పోలిస్తే ఇది సులభమైన శత్రువు, పూత రాకముందే తీస్తే కథ ముగుస్తుంది. పూత వచ్చేదాకా ఊరుకుంటే మాత్రం ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 దాకా గింజలు రాల్చగలదు. మొలిచిన నెలా నెలన్నరలోపే పూయగలదు, తడి ఉంటే ఏ ఋతువులోనైనా మొలుస్తుంది. చేతికి తొడుగు లేకుండా పదేపదే పీకితే చర్మం మీద దద్దుర్లు, దురద రావచ్చు. పుప్పొడి వల్ల తుమ్ములు, ఆయాసం వచ్చేవారు కూడా ఉన్నారు. దీన్ని తినే ఒక పెంకు పురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో చారలున్న ఆ చిన్న పురుగులు ఈ ఆకుల మీద కనిపిస్తే చంపకండి, అవి మన పనే చేస్తున్నాయి. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దీని మీద అవగాహన వారం జరుపుతారు. మన సంఘం వారు కాలనీలోని ఖాళీ స్థలాలను శుభ్రం చేయించదలిస్తే అంతదాకా ఆగనక్కర్లేదు. ఆగస్టు మూడో వారానికి సగం మొక్కలు పూతలో ఉంటాయి.

చిన్న చిన్న వాటిని త్వరగా ముగిస్తాను. ఇది పులిచింత. హృదయాకారంలో మూడేసి ఆకులు, నోట్లో వేసుకుంటే పులుపు. దీని కాయ ముదిరితే ముట్టుకోగానే పేలి గింజలను చిమ్ముతుంది, కాడలు నేలకు తగిలిన ప్రతి కణుపు దగ్గరా వేరు వేస్తాయి. అందువల్ల కాయ పచ్చిగా ఉన్నప్పుడే, కాడ పాకిన మేరకంతా తీయాలి. ఇది నానుబాలు, తుంచితే తెల్లటి పాలు వచ్చాయి చూడండి, ఆ పాలు కంటికి తగలనివ్వకండి. గంగపాయల కూర ఈ రోజు ఎవరూ తేలేదు గానీ అందరి ఇళ్లలో ఉంటుంది. దాన్ని ముక్కలుగా కోసి తడి లాన్ మీద వదిలితే ముక్కముక్కా వేరు పట్టుకుంటుంది. వండుకోవచ్చా అని ఇందాక ఒక అమ్మగారు అడిగారు. పొలంలోదైతే నిక్షేపంగా వండుకోండి, మందు చల్లిన లాన్‌లోదైతే వద్దు.

చివరిగా పేరు తెలిసిన పళ్లెం వేప మొలక. తెచ్చినవారు ఇది వేప కాదని వాదించారు. వారి అనుమానానికి కారణం ఉంది. వేప మొలకకు మొదట వచ్చే ఆకులు పెద్ద చెట్టు రెబ్బల్లా పొడుగ్గా ఉండవు, మూడేసి ముక్కలుగా, లోతుగా చీలి ఉంటాయి. కొరికి చూడమన్నాను, చేదు తగిలాక ఒప్పుకున్నారు. జూన్, జూలైలలో పండు రాలుతుంది. గింజకు కొద్ది వారాలకు మించి మొలిచే శక్తి నిలవదు కనుక రాలిన వెంటనే మొలుస్తుంది. రెండాకుల మీద ఉన్నప్పుడు రెండు వేళ్లతో వస్తుంది. దసరా దాకా వదిలేస్తే తల్లివేరు మూరెడు దిగుతుంది, అప్పుడు గడ్డపలుగు కావాలి. సుబాబుల్ కూడా అంతే, పైగా దాన్ని నేల మట్టానికి నరికితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది.

ఇక్కడ గడ్డి కోత గురించి ఒక మాట. ద్విదళ మొలకకు చిగురు పైన ఉంటుంది. బీజదళాల కిందికి కత్తి తగిలిందంటే అక్కడ మళ్లీ చిగురించే మొగ్గ ఉండదు, మొలక చస్తుంది. గడ్డికి చిగురు నేలకు ఆనుకుని ఉంటుంది, పైన ఎంత కోసినా కింది నుంచి వస్తుంది, పిలకలు కూడా వేస్తుంది. వేలాడే పొడవాటి ఆకు కొనను పోగొట్టుకున్న గరికకు నష్టం లేదు, నిటారుగా లేచిన తోటకూర మొలకకు ప్రాణమే పోతుంది. కాబట్టి డబ్బాల కొద్దీ మందులు చల్లేవారి కన్నా, వారానికొకసారి క్రమంగా కోసేవారి లాన్ శుభ్రంగా ఉంటుంది. అయితే బోడిగా కోయకండి. ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. గరికను అంగుళం, అంగుళంన్నర ఎత్తున ఉంచితే దాని నీడ నేలను కప్పుతుంది, వెలుతురు కోసం చూస్తున్న గింజలు నిద్ర లేవవు. బోడి నేల కనిపించిన చోటల్లా అదే గడ్డి పిలకలు తెచ్చి నాటండి, మీరు నాటకపోతే మరేదో మొలుస్తుంది.

నీళ్ల విషయంలో మన అలవాటు సరిగా లేదు. రోజూ సాయంత్రం పైపు పట్టుకుని పది నిమిషాలు చిలకరించడం మనసుకు హాయిగా ఉంటుంది గానీ, ఆ నీరు పై అంగుళంలోనే ఉండిపోతుంది. కలుపు గింజలు ఉండేది సరిగ్గా అక్కడే. మూడు నాలుగు రోజులకొకసారి జానెడు లోతు తడిసేలా పెడితే గడ్డి వేళ్లు కిందికి దిగుతాయి, పై పొర ఎండి గింజలు మొలవవు. వానాకాలంలో నెలకు ఒకసారి చదరపు మీటరుకు 10 గ్రాముల యూరియా, అంటే సుమారు రెండు చెంచాలు, తడి ఆకు మీద కాకుండా పొడి ఆకు మీద చల్లి వెంటనే నీరు పెట్టండి. ఆలస్యమైతే ఆకు మాడుతుంది. నీడలో గరిక పలచబడి కలుపు పెరుగుతోందంటే అక్కడ ఎన్నిసార్లు పీకినా ప్రయోజనం లేదు. మామిడి కింద గరిక పెరగాలని పట్టుబట్టడం మాని, నీడను ఓర్చే మరో మొక్క వేసుకోవడం మేలు.

మందుల గురించి అడగకుండా ఎవరూ వదలరు కనుక నేనే చెబుతాను. 2,4-డి అనే మందు వెడల్పాకు మొక్కలను చంపి గడ్డిని వదిలేస్తుంది. మొక్కలోని పెరుగుదల హార్మోను లాగా నటించి, అదుపు లేకుండా పెరిగేలా చేసి చంపుతుంది. వినడానికి లాన్ కోసమే తయారైనట్టుంటుంది. కానీ మన ఇళ్లలో లాన్‌కు రెండు అడుగుల దూరంలో టమాటా, గులాబీ, బొప్పాయి, గోడ అవతల పక్కింటివారి పాదులు ఉంటాయి. అవన్నీ వెడల్పాకు మొక్కలే. గాలికి కొట్టుకుపోయిన తుంపర చాలు. నేను ఒకసారి ఈ మందు కొట్టిన పంపును మూడుసార్లు కడిగి, వారం తర్వాత అదే పంపుతో టమాటాలకు వేపనూనె కొట్టాను. నాలుగో రోజుకు చిగుళ్లు పాము మెలికల్లా తిరిగి, ఆకులు సన్నని పట్టీల్లా సాగిపోయాయి. తప్పు పూర్తిగా నాదే. ఆ పంపును కలుపు మందుకే కేటాయించి, దాని మీద ఎర్ర రంగు పూసి విడిగా పెట్టాల్సింది.

గ్లైఫోసేట్ ఏ మొక్కనూ వదలదు, గరికను కూడా చంపుతుంది. పైగా 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాని వాడకాన్ని చీడనివారణ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. దుకాణంవాడు ఇచ్చాడు కదా అని మీరే కొట్టడం సరికాదు. పారాక్వాట్‌ను ఇంటి గడప దాటనివ్వకండి, అది కడుపులోకి పోతే విరుగుడు లేదు. తుంగకు చెరకు రైతులు హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ వాడతారు. ఆకు నుంచి దుంపకు దిగి, రెండు మూడు వారాలు తీసుకుని, నిదానంగా పనిచేస్తుంది. అమెరికాలో పచ్చికల్లో వాడటానికి కూడా అదే మందుకు అనుమతి ఉంది. మన డబ్బా మీద చెరకు వంటి పంటల పేర్లు ఉంటాయి, లాన్ పేరు ఉండదు. ఎకరానికి పదుల గ్రాముల్లో వాడే మందును రెండు వందల చదరపు అడుగులకు ఇంటి తూకంతో కొలవడం కూడా సాధ్యమయ్యే పని కాదు. ఆ దారిన పోదలచినవారు రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వారిని అడిగి, కొలత తెలిసినవారితో చేయించుకోండి. ఉప్పు చల్లితే కలుపు పోతుందని ఫోనులో తిరిగే చిట్కా మాత్రం నమ్మకండి, కలుపుతో పాటు లాన్ పోతుంది, ఆ మట్టిలో చాలాకాలం ఏదీ సరిగా పెరగదు. గచ్చు పలకల సందుల్లో మొలిచే వాటికి మరిగే నీళ్లు చాలు.

మీ పిల్లల్లో చాలామంది డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండి ఉంటారు. అక్కడ కూడా చాలా లాన్‌లలో ఉన్నది మన గరిక వంశమే, బాధపెట్టేది కూడా తుంగ వంశమే. వాళ్లు వసంతంలో నేల వేడెక్కే సమయం చూసుకుని, గింజ మొలవక ముందే మందు చల్లుతారు. మీరు వారి దగ్గర విని అదే నెలలో ఇక్కడ చేయబోకండి. మన గింజలు లేచేది తొలకరి తడికి.

కొత్తగా లాన్ వేయబోయేవారికి ఒక్క సలహా. మట్టి తోలించగానే గడ్డి పరచకండి. చదును చేసి, నీళ్లు పెట్టి, రెండు వారాలు ఊరుకోండి. మొలవాల్సినవన్నీ మొలుస్తాయి. దోకుడు పారతో పైపైన, అంగుళం లోతు మించకుండా, చెక్కేయండి. మళ్లీ నీళ్లు పెట్టండి. ఇలా మూడుసార్లు చేస్తే పై పొరలోని గింజలు చాలావరకు ఖర్చవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో అయితే మట్టిని తడిపి, పలచని పారదర్శక ప్లాస్టిక్ షీటు బిగుతుగా కప్పి, అంచులను మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. 1970ల నుంచి ఇజ్రాయెల్‌లో ఈ పద్ధతిని శాస్త్రీయంగా అభివృద్ధి చేశారు. మన ఎండలకు ఇది మరింత బాగా పనిచేస్తుంది. నల్ల షీటు వద్దు, ఎండ లోపలికి పోవాలి. చిన్న గింజలు ఉడికిపోతాయి. లోతున ఉన్న తుంగ దుంపలకు మాత్రం ఇది చాలదు, వాటిని జల్లెడతో ముందే ఏరాలి.

పదకొండులో పది అయ్యాయి. ఈ చివరి పళ్లెంలోది ఏమిటో నాకు తెలియలేదు. ద్విదళ బీజ మొక్క అని చెప్పగలను, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, పాలు రావడం లేదు, వాసన లేదు. వేరు రాలేదు కాబట్టి గింజ మొలకా, తీగ మొలకా చెప్పలేను. వీరి లాన్‌లో ఇలాంటివి ఇంకా ఉన్నాయట. అమ్మా, రేపు ఉదయం వాటిలో ఒకదాన్ని మట్టిపెళ్లతో తీసి, అడుగున చిల్లు పెట్టిన పెరుగు డబ్బాలో నాటి, ఎండలో ఉంచండి. మిగిలినవాటిని తీసేయండి. నెల తర్వాత మొగ్గ వేసిన రోజున నాకు కబురు చేయండి, వచ్చి చూస్తాను. ఇప్పుడు తుంగ తెచ్చిన నలుగురూ ఒకసారి ముందుకు రండి, ఈ స్క్రూడ్రైవర్ పట్టే తీరు చూపిస్తాను.